సంతకం ఆమెది, మాట నాది

కళాశాలలో ఆంగ్లశాఖ అధ్యక్షుడిగా పదవీవిరమణ చేసిన మూడేళ్ళకు, 2003లో, నేను ‘అలమర’ బృందంలో చేరాను. చిన్న గ్రంథాలయాలు తమ పుస్తకాల జాబితాను కంప్యూటరులో పెట్టుకొనేందుకు విజయవాడలో కొందరు స్వచ్ఛందంగా తయారుచేసిన ప్రోగ్రాం అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. లోపల ఏం రాశారో చదవవచ్చు, మార్చవచ్చు. మార్పుల మంచిచెడ్డలు మాత్రం సభ్యులందరూ చదివే ఈమెయిల్ లిస్టులోనే తేల్చుకోవాలి. బెంగుళూరు, పూనా సభ్యులు కూడా ఉండడంవల్ల ఆ లిస్టు ఇంగ్లీషులో నడిచేది.

నాకు ప్రోగ్రాములు రాయడం రాదు. భాష చూడడమే నా పని. క్రమంగా ఒక ఆచారం ఏర్పడింది. మనవాళ్ళు లిస్టుకు ఏది రాయదలచినా ముందు కాగితంమీద ముద్రించి సూర్యారావుపేటలోని మా ఇంటికి తెచ్చేవారు. నేను ఎర్రసిరాతో దిద్దేవాడిని. పదిమందిలో వారు నవ్వులపాలు కాకుండా కాపాడుతున్నానన్న తృప్తి నాకుండేది. ఆ తృప్తి పూర్తిగా నిరాధారమని ఇప్పటికీ అనను.

2005 ఏప్రిల్‌లో నాగమల్లేశ్వరి ఒక కాగితం తెచ్చింది. ఆమెది బందరులో చేపల వ్యాపారం చేసుకొనే కుటుంబం. ఎం.సి.ఎ. చదివి బెంజిసర్కిల్ దగ్గర కంప్యూటరు పాఠాలు చెప్పేది. అలమర కొత్త వెర్షన్లను విడుదలకు ముందు పరీక్షించే బాధ్యత ఆమెదే. ఆమె ఇంగ్లీషులో రాసిన దాని సారాంశం ఇది: ‘ఈ వెర్షన్ విడుదల చేయవద్దు. జాబితాను సేవ్ చేస్తూండగా కరెంటు పోతే పుస్తకాలన్నీ పోతున్నాయి. ఐదుసార్లు ప్లగ్గు పీకి చూశాను. ఐదుసార్లూ జాబితా ఖాళీ. వెంకటకృష్ణారావుగారు చేసిన మార్పు తప్పు.’

వెంకటకృష్ణారావు అలమరను మొదలుపెట్టిన ఇంజనీరు. ఆయన చేసినదానిని లిస్టులో ఎవరైనా తప్పని అనగా నేను చదవలేదు.

“పెద్దాయనను పట్టుకొని ‘తప్పు’ అంటావేమిటమ్మా?” అన్నాను.

“తప్పే కదండీ మాస్టారూ. పాత జాబితాని ముందే చెరిపేసి, తర్వాత కొత్తది రాస్తోంది. ఆ మధ్యలో కరెంటు పోయిందనుకోండి, రెండూ ఉండవు. మన ఊళ్ళలో పోని రోజేదండీ?”

“విషయం సరే. మర్యాద అనేది ఒకటుంటుంది.”

“మా అమ్మ మార్కెట్లో చేపలమ్ముద్దండీ. మెత్తబడ్డ చేపని మెత్తబడిందనే చెబుద్ది. మర్యాదగా చెబితే కొన్నోళ్ళకి వాంతులవుతాయి.”

నవ్వాను. నవ్వుతూనే దిద్దాను. దిద్దిన తరువాత ఉత్తరం ఇలా తయారైంది: ‘నూతన వెర్షన్ ప్రశంసనీయంగా ఉన్నది. విద్యుత్ అంతరాయం కలిగినప్పుడు సేవ్ అయ్యే పద్ధతిని, మునుముందు వీలునుబట్టి, పునఃపరిశీలించగలరని మనవి.’ ఐదుసార్లు ప్లగ్గు పీకడం మొరటుగా తోచి కొట్టివేశాను.

ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివింది. “ఇంతేనా అండీ?”

“ఇంతకంటే ఏం కావాలి? చెప్పవలసినది ఉన్నది కదా.”

ఆమె దానినే లిస్టుకు పంపింది. వెంకటకృష్ణారావు కృతజ్ఞతలు తెలిపి, మునుముందు చూద్దామన్నారు. పదిహేను రోజులకు వెర్షన్ విడుదలయింది.

జూన్‌లో చల్లపల్లి నుంచి హనుమయ్య అనే ఆయన రాశారు. ఆయన అక్కడ ఒక చిన్న గ్రంథాలయం నడుపుతున్నారు. వేసవి అంతా కూర్చొని రెండువేల మూడువందల పుస్తకాల వివరాలు ఒంటివేలితో ఎక్కించారట. కరెంటు పోయి వచ్చేసరికి ఒక్క పేరూ మిగలలేదట. ‘నేను ఏమైనా పొరపాటు చేశానా?’ అని అడిగారు.

వెంకటకృష్ణారావు ఆ ఉత్తరాన్ని లిస్టులో పెట్టి, కింద ఇలా రాశారు: ‘పరీక్షించినవారు ఈ వెర్షన్‌ను ప్రశంసించి ఉన్నారు. వారిని ఆ బాధ్యతనుంచి తొలగించే విషయం ఆదివారం సమావేశంలో చర్చిద్దాం.’

మరునాటి ఉదయమే నాగమల్లేశ్వరి మా ఇంటికి వచ్చింది. ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

“నేను రాసిన మొదటి కాగితం మీ దగ్గరుందాండీ?”

ఉంది. తీసి ఇచ్చాను. ఇస్తూ, ఊరుకోలేక అడిగాను. “విడుదలకు పదిహేను రోజుల గడువుంది కదా. మళ్ళీ ఎందుకు రాయలేదు?”

“మీరు దిద్దింది చదువుకున్నాక, నేనే ఎక్కువ చేస్తున్నానేమో అనిపించిందండీ. ఐదుసార్లు చూసిందాన్ని, నా కళ్ళనే నమ్మలేదు.”

ముప్ఫైనాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. ఏ విద్యార్థీ నాకు ఇటువంటి సమాధానం ఇవ్వలేదు. లేక, నేనే ఇవ్వనివ్వలేదు.

“ఆ కాగితం ఆదివారం చూపించు,” అన్నాను.

“నేను చూపిస్తే మాస్టారిమీదకి తోసేస్తోందంటారండీ. మీరే రాయాలి.”

రాశాను. ‘ఉత్తరం తుదిరూపు దిద్దుకొనే క్రమంలో హెచ్చరిక తీవ్రత కొంత సన్నగిల్లి ఉండవచ్చును.’ ఆమె చదివి కాగితం బల్లమీద పెట్టింది.

“ఎవరు తగ్గించారో ఇందులో లేదండీ.”

నాకు కోపం వచ్చింది. నాకు వాక్యం నేర్పుతావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అయితే ఆమె అన్నది నిజం. మరొక కాగితం తీసుకున్నాను. ‘విడుదల చేయవద్దని నాగమల్లేశ్వరి రాసింది. ఆ వాక్యాన్ని నేను కొట్టివేశాను. ఆమె మొదటి ప్రతిని దీనితో పంపుతున్నాను.’ మధ్యాహ్నం ఇంటర్నెట్ సెంటరుకు ఇద్దరం వెళ్ళి, నా పేరుతోనే పంపించాము.

ఆదివారం సమావేశానికి పదకొండుమంది వచ్చారు. వెంకటకృష్ణారావు ఆమె మొదటి ప్రతిని పైకి చదివారు.

“ఐదుసార్లు పీకావా అమ్మా?”

“అవునండీ.”

“ఈ పని నీదే. నువ్వు వద్దంటే ఇకమీద విడుదల లేదు.” తరువాత నావైపు తిరిగారు. “నాకు కోపమొస్తుందని అనుకున్నారా మాస్టారూ?”

“అనుకున్నాను.”

“వచ్చేదే,” అన్నారాయన. తరువాత అందరివైపూ చూశారు. “ఇంకెవరైనా నాకు చెప్పాలనుకొని మానుకున్నవి ఉన్నాయా?”

చివరి కుర్చీలో సాయిగణేష్ కదిలాడు. బ్యాంకు ఉద్యోగి, రెండేళ్ళుగా బృందంలో ఉన్నా, లిస్టులో ఒక్కసారీ రాయనివాడు.

“పుస్తకం తిరిగి ఇచ్చినట్టు నమోదు చేస్తే, ఒక్కోసారి పుస్తకం తీసుకున్న వేరే పాఠకుడి పేరు చెరుగుతోందండీ. నేను మార్చిలోనే చూశాను.”

“ఉత్తరం నా దగ్గరకు తేలేదే,” అన్నాను.

“రాయలేదండీ. రాసినా మీరు మెత్తగా చేసేస్తారు, మెత్తగా ఉంటే ఈయన పట్టించుకోరు. ఎందుకులే అనుకున్నాను.”

వెంకటకృష్ణారావు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. “ఆ లోపమున్న వెర్షన్ ఎన్నిచోట్ల నడుస్తోంది?”

“పదిహేడు గ్రంథాలయాల్లోనండీ,” అన్నాడు సాయిగణేష్.

నాగమల్లేశ్వరి కాగితం, పెన్నూ ముందుకు లాక్కుంది. “ఊళ్ళ పేర్లు చెప్పండి. ఇప్పుడే ఫోన్లు చేద్దాం.”

సాయిగణేష్ ఒక్కొక్క ఊరి పేరే చెప్పసాగాడు. ఆ పదిహేడు ఊళ్ళలో మార్చి నుంచి ఎవరి పేర్లు చెరిగిపోయాయో ఆ గదిలో ఎవరికీ తెలియదు.