ఏకాంబరం సారు ల్యాబులో అంకెలు

మధ్యాహ్నం మూడు దాటితే ఆ చిత్తూరు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు ఎండలో జోగుతూ ఉంటుంది. అప్పుడే రాఘవమ్మ చీపురు పట్టుకుని వస్తుంది. బల్లల కింద రాలిన అంకెల్ని ఊడ్చి, చేటకెత్తి, బయట పారబోస్తుంది. ఏకాంబరం సారు ల్యాబులో కొలవకుండా రాసిన అంకె కాగితం మీద నిలవదు. కాసేపు మెదిలి, అంచుదాకా నడిచి, మెల్లగా దిగిపోతుంది. పరీక్షల ముందు మరీ ఎక్కువ.

"ఈ సున్నాలతోనే సస్తా ఉండాను, మూలమూలకీ దొర్లిపోతాయి" అని రాఘవమ్మ సణుగుతుంది.

ఆ శుక్రవారం ఎవరింటి నీళ్ళు వాళ్ళు తెచ్చి ఉప్పు ఎంతుందో కొలవమన్నాడు సారు. మూడో ఏడాది పల్లవి తోటలోని బోరు నీళ్ళు తెచ్చింది గానీ మనసు ఇక్కడ లేదు. బంగారుపాళ్యం దగ్గర వాళ్ళ మామిడి చెట్లకు ఆకుల కొసలు మాడిపోతున్నాయి. తెగులని తేల్చేసి, వాళ్ళ నాయన మునివెంకటప్ప సోమవారానికి చెట్లు కొట్టే మిషను మాట్లాడేశాడు. ఆ దిగులుతో పల్లవి ఏమీ కొలవలేదు. పోయినేడు చదివి వెళ్ళిన సీనియర్ భానుశ్రీ పాత రికార్డు చూసి 'అరవై రెండు' అని దించేసింది. ఆరూ రెండూ ఒకదాని వెనక ఒకటి దిగి వెళ్ళిపోయాయి.

"కొలిచినావా మ్మా?" అన్నాడు సారు.

"లేదు సార్. మా చెట్లు కొట్టేస్తాండారు. తెగులంట."

"తెగులని ఎవురు చూసినారు?"

"తెలీదు సార్."

"నాకూ తెలీదు. నీళ్ళు నీ చేతిలోనే ఉండాయి గదా, వాటినే అడుగు."

పల్లవి బ్యూరెట్ గొట్టం మర తిప్పింది. ఒక్కో చుక్కా పడుతోంది. కింద పసుపు నీళ్ళు ఇటుక రంగుకు తిరగాలి. ఎంతకీ తిరగవే! బ్యూరెట్ ఖాళీ అయితే మళ్ళీ నింపింది. లెక్క వేస్తే లీటరుకు ఏడొందల పది మిల్లీగ్రాములు.

"తప్పు చేసినట్టుండాను సార్."

"ఇంకోసారి చెయ్యి, తెలుస్తాది."

మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అంతే. రికార్డులో రాసింది. అంకె కదల్లేదు. సారు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆయన మొహం పండగలా ఉంది.

"ఉప్పు ఎక్కువైతే మామిడికి ముందు ఆకు కొసలే మాడతాయి. ఈ బోరు ఎప్పుడు వేసినారు?"

"పోయినేడు సార్. అప్పుట్నించి బావి నీళ్ళు పెట్టడంలే."

మరుసటి రోజు బావి నీళ్ళు తెచ్చి కొలిచింది. యాభై ఐదు. అదీ నిలిచింది.

సోమవారం పొద్దున మిషను తోటలోకి వచ్చేసరికి పల్లవి రికార్డు పుస్తకం పట్టుకుని అడ్డంగా నిలబడింది. జరిగిందంతా చెప్పింది. ఆ ల్యాబు సంగతి ఎరగని వాళ్ళు జిల్లాలో లేరు. మునివెంకటప్ప బొటనవేలు తడి చేసుకుని అంకెను రుద్దాడు. పుస్తకం తిరగేసి విదిలించాడు. ఏమీ రాలలేదు.

"సారు రాసినాడా?"

"నేనే నాయనా. మూడుసార్లు చేసినాను."

ఆయన మిషను వాళ్ళకు చెయ్యి ఊపాడు. "మిషను ఎత్తుకుపోండప్పా" అన్నాడు.

తన తోటలో ఇంతవరకూ ఎవరి మాటా అడగని మనిషి, కూతురి వైపు తిరిగాడు.

"ఇప్పుడేం చేద్దాం మ్మా? నువ్వు చెప్పు."