ఎనిమిది చీలల బల్ల

వడ్రంగి తాత ఆ బల్లను ఒక్క మేకు లేకుండా చేశాడు. కీళ్ళలో ఎనిమిది చెక్క చీలలు. వాటిని తట్టి తీస్తే బల్ల విడివడి ముక్కలుగా చేతికొస్తుంది. మనవడూ మనవరాలూ ఇద్దరు, బల్ల ఒకటి. అందుకని అయిదేళ్ళు ఒకరింట్లో, అయిదేళ్ళు ఇంకొకరింట్లో అన్నాడు. నాలుగుసార్లు అలాగే మారింది.

ఈ ఆదివారం చెల్లెలి వంతు. వ్యానుతో, ఒక వడ్రంగితో వచ్చింది. అన్న బల్ల మీది దుప్పటి తీశాడు. అంచున ఇత్తడి రేకు, దాని మీద 'వంశ సంపద' అని అక్షరాలు.

"మా పిల్లలు దీని మీద లెక్కలు చేసుకున్నారు. ఆ పెన్ను గీతలేవి అన్నయ్యా?"

"పాలిష్ పెట్టించా. పోయాయి."

"మీరు దీని మీద ఏం చేస్తారు?"

"చూసుకుంటాం. వచ్చినవాళ్ళకు చూపిస్తాం."

వడ్రంగి బల్ల కింద దూరి, కాసేపటికి బయటికొచ్చాడు. "చీలలేవండీ?"

"ఆ పుల్లలా? వదులవుతున్నాయని తీయించేశా. జిగురు పోయించి స్క్రూలు బిగించా. ఇక వందేళ్ళు కదలదు."

"కదలదండీ," అని వడ్రంగి ముందు గుమ్మం కొలిచాడు, తర్వాత బల్ల. "గుమ్మం కూడా దాటదు. నిలువుగా తిప్పినా దాటదు. కోస్తేనే."

"తాత చేతిపని మీద రంపం పెడతావా?" అని అన్న చెల్లెల్ని అడిగాడు.

"తాత చేతిపని నువ్వు ఎప్పుడో ఊడదీయించావు. ఇది నీ పాలిష్‌వాడి చేతిపని. నా కూతురు కిటికీ పక్కన మంచం జరిపి చోటు చేసుకుంది. దానికి ఏం చెప్పమంటావు?"

అన్న దుప్పటి మడతపెట్టసాగాడు.

"చీలలు పారేశావా, అవైనా ఉన్నాయా?"

అన్న చెప్పుల అర వెనక నుంచి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. లెక్కపెడితే ఎనిమిదీ ఉన్నాయి. సుత్తి తగిలిన చోట తలలు నలిగి ఉన్నాయి. చెల్లెలు డబ్బా వడ్రంగి చేతిలో పెట్టింది.

"వీటికి సరిపడా బల్ల చేస్తారా?"

"కొలతలు దీని నుంచి తీసుకుంటానండి. మూడు వారాలు."

అతను కొలుస్తుంటే అన్న ఇత్తడి రేకును తువ్వాలుతో తుడుస్తూ నిలబడ్డాడు. కొలవడం అయ్యాక మెల్లగా అడిగాడు.

"అయిదేళ్ళయ్యాక ఆ బల్ల నా వంతేగా?"

"నీ వంతే. బల్ల తెచ్చే ముందు ఫోన్ చేస్తా. ముందు నీ ఇంట్లో జిగురు డబ్బా తెచ్చి నాకిచ్చి, అప్పుడు వ్యానులోంచి బల్ల దించుకో."