సగం క్యాబేజీ

గుండెపోటు వచ్చి లేచాక డాక్టరు నాకో కాగితం మీద పళ్లెం బొమ్మ గీసిచ్చాడు. అందులో సగం రంగురంగుల కూరగాయలట. పావు వంతు పప్పుగింజలో చేపో, మిగతా పావు పొట్టు తీయని ధాన్యం. ఉప్పు బాగా తగ్గించాలి. గీయడానికేం, తేలికే. ఒంటిగాడి పళ్లెంలోకి అన్ని రంగులు ఎక్కణ్ణుంచి వస్తాయి? క్యాబేజీ కొంటే నాలుగు రోజులూ క్యాబేజీయే. గుమ్మడికాయ కొన్నానంటే వారమంతా దాని మొహమే చూడాలి. నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. ఎంత మొండి తాళమైనా నా ఆకురాయికి లొంగుతుంది గానీ, ఈ పళ్లెం దగ్గర నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆ విసుగంతా ఒక మంగళవారం పొద్దున కూరగాయల కొట్టు అమ్మాయి మీద చూపించాను.

"ఈ క్యాబేజీ సగం కోసివ్వమ్మా."

"మిగతా సగం ఎవరి నెత్తిన పెట్టను బాబాయ్?"

"నా నెత్తిన పెట్టు," అంది నా వెనక నిలబడ్డావిడ.

తెల్లజుట్టు, చేతిలో గుడ్డసంచి. లెక్కల టీచరుగా చేసి రిటైరయిందట. ఆవిడ పర్సులోనూ వాళ్ల డాక్టరు గీసిచ్చిన అలాంటి పళ్లెమే ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, "మీ పళ్లెం కాస్త వంకరపోయిందండీ," అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వి చాలాకాలమైందని అప్పుడే తెలిసింది.

అప్పట్నుంచి మంగళవారం, శుక్రవారం, పదింటికి మా పంపకం. క్యాబేజీ, గుమ్మడి, కాలీఫ్లవర్, ఏదైనా సరే. ఒకరు ఎక్కడ కోయాలో చూపించాలి, రెండోవాళ్లు ముక్క ఎంచుకోవాలి. అలాగైతే తగువుండదని ఆవిడే పెట్టిన పద్ధతి. నా వంతు వచ్చినప్పుడల్లా నేను చిన్న ముక్కే తీసుకునేవాణ్ణి. ఆవిడ గమనించలేదనుకున్నాను.

వెళ్లేముందు మాత్రం ఒక ప్రశ్న తప్పేది కాదు.

"ఉప్పు తగ్గించారా?"

"తగ్గించానండీ."

పచ్చి అబద్ధం. ఒక్కణ్ణే కూర్చుని తినేటప్పుడు ఉప్పు కూడా లేకపోతే ఇంక ఆ తిండిలో ఏం మిగులుతుంది? ఆవిడ కళ్లజోడు మీదుగా, పక్కవాడి లెక్క చూసి రాసిన పిల్లాణ్ణి చూసినట్టు చూసి, "సరే," అనేది. అయినా నేనేం తింటున్నానో అడిగే మనిషి లోకంలో ఆవిడొక్కతే. ఆ రెండు రోజులూ గడ్డం గీసుకునే బయల్దేరేవాణ్ణి.

ఆరు నెలలు అలా గడిచాక, ఒక శుక్రవారం ఆవిడ రాలేదు. పదకొండు దాకా కొట్టు ముందే నిలబడ్డాను. చివరికి ఆ అమ్మాయి తడిగుడ్డ తీసి ఒక సగం క్యాబేజీ నా చేతిలో పెట్టింది.

"నిన్న సాయంత్రం వచ్చింది బాబాయ్. గుండెకి ఆపరేషనట, ఆసుపత్రిలో చేరుతోంది. మీ వంతు ఎప్పుడొచ్చినా చిన్నదే తీసుకుంటారట కదా, అందుకని పెద్దది మీకుంచమంది."

"ఏ ఆసుపత్రి?"

"అడగలేదు. మీకు తెలుసనుకున్నాను."

నాకేం తెలుసు? ఆవిడ ఇల్లు ఏ సందులో ఉందో కూడా తెలియదు. సంచి మోసిపెడతానని ఒక్కరోజు అన్నా తెలిసేది. మొహమాటం నా కొంప ముంచింది.

ఇంటికొచ్చి ఆ క్యాబేజీ వండాను. అలవాటు కొద్దీ చెయ్యి ఉప్పు సీసా మీదికి వెళ్లింది. సీసా తీసుకెళ్లి పై అరలో, పాత డబ్బాల వెనక పెట్టేశాను. కూర చప్పగా ఉంది. రెండో ముద్దకే ఏడుపొచ్చింది. అయినా పళ్లెం ఖాళీ చేశాను.

మంగళవారం పదింటికి కొట్టుకెళ్లి గుమ్మడికాయ కోయించాను. చిన్న ముక్క సంచిలో వేసుకుని, పెద్దది తడిగుడ్డ కింద పెట్టమన్నాను.

"ఆవిడ ఎప్పటికొస్తుందో ఏమో బాబాయ్, పాడైపోతుంది."

"పాడైతే శుక్రవారం ఇంకోటి కోద్దువుగానిలే."

నాలుగు రోజులైంది, ఆ సీసా కిందికి దించలేదు. ఈసారి అబద్ధం చెప్పక్కర్లేదు. ఆవిడొచ్చి అడగాలి, అంతే.