పోశన్న కాడికి పోయే పెట్టె

గల్ఫ్ దేశంల, అల్ సద్‌ల నేను పనిజేసే ఇంట్ల, వంటగది పక్కన నా అర్ర. అండ్ల ఒక అట్టపెట్టె ఉంటది. ఊరికి తీస్కపోయెతందుకు సబ్బులు, ఖర్జూరాలు నింపి కట్టుడు, మళ్ల విప్పుడు. ఖర్జూరాలన్నీ ఈ ఇంటి పిల్లలే తిన్నరు.

"ఏమవ్వా, మళ్లా విప్పల్లనా?" అని నవ్వుతడు డ్రైవర్ ఈరన్న. కర్నూలు దిక్కోడు. "ఈ సబ్బులు మీ ఊరు చూసేలోపల నువ్వు ముసిల్దానివైపోతావు."

"ఇప్పుడు పడుచుదాన్నారా, నీ మొకం!"

సంగతేందంటే, మా ఆయన పోశన్నను మా చెల్కలనే బొంద పెట్టినం. కాలువ కోసమని సర్కారు ఆ చెల్క తీస్కొని కంచె ఏసింది. కాలువేమో ఇంకో దిక్కు పోయింది. సమాధి ఉన్న జాగనన్న తిరిగియ్యిండ్రని అర్జీ పెట్టిన. అసొంటి అర్జీలు తేల్చెతందుకు సర్కారు గడువు పెట్టుకున్నది. పిలిచిననాడు నేనే పోయి ఏలిముద్ర ఎయ్యాలె. గడువు దగ్గరికొస్తది, పెట్టె కడ్త. గడువు పెంచిండ్రంటరు, విప్పుత. ఈ ఇంటి లుబ్నా మేడమ్ సెలవిచ్చేది రెండేండ్లకొకసారి, ఊకెనే ఎట్ల పాడుజేస్కుంట?

ఈసారి, సచ్చిపోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస ముంగట టికెట్ తీస్కున్నంక, మరిది కొడుకు నర్సింగ్ ఫోన్ జేసిండు.

"పెద్దమ్మా, మళ్ల పెంచిండ్రే. ఎండకాలం దాకనట. ఇప్పుడు రాకు. సెలవు ఇప్పుడే వాడుకుంటే వాళ్లు పిలిచిననాడు నువ్వుండవు. అర్జీ కొట్టేస్తరు."

"మీ పెదనాయిన కాడ దీపం ఎవలు పెడ్తున్నర్రా?"

"లోపలికి పోనిస్తలేరే. అంత తుమ్మలు మొల్చినయి."

మా ఆయన ఆకలికి ఆగేటోడు కాదు. అన్నం ఆలిశమైతే వాకిట్ల అటిటు తిరుగుకుంట, "అయిందా బాలీ, అయిందా?" అనేటోడు. ఇక్కడ పెత్రమాసకు గారెలు చేసి మిద్దె గోడ మీద పెడ్త. పావురాలు తింటయి. ఆయన రాడు. సముద్రం దాటి ఎట్లొస్తడు?

సెలవు ఎండకాలానికి మార్చాల్నా అని మేడమ్ అడిగింది. "లా" అన్న, ఒద్దని.

ఈరన్న తాడు తెచ్చిండు. ఎప్పటి లెక్కనే, తొందర ఊడేటట్టు జారుముడి ఎయ్యవోయిండు.

"గట్టిగ బిగియ్యి కొడుకా."

"కంచె తియ్యలేదంట గదవ్వా?"

"తియ్యకపోనీ. కంచె బయటనే పొయ్యి పెట్టి గారెలు కాలుస్త. వాసనన్న పోతది గద ఆయనకు."

ఈరన్న మళ్ల నవ్వలే. తాడు కొసను పండ్లతోని పట్టి బిగగుంజిండు.