ప్రమాణం కోసం విప్పిన బెల్టు

నేను ఒక హెల్మెట్‌ను. తలను కాపాడటానికి పుట్టి, ఏనాడూ రోడ్డెక్కని హెల్మెట్‌ను. కర్మాగారంలో నాతోపాటు పుట్టినవాటిని ఎత్తు నుంచి ఇనుపదిమ్మె మీద పడవేసి చూశారు; గడ్డం కింది బెల్టుకు బరువులు వేలాడదీసి లాగారు. బెల్టు బిగిస్తే నేను హెల్మెట్‌ను, బిగించకపోతే బరువైన టోపీని. అక్కడ ఈ సంగతి తెలియనివారు లేరు.

జగిత్యాలలోని ఒక ప్రైవేటు పాఠశాల రోడ్డు భద్రతా వారోత్సవాల కోసం నన్ను కొన్నది. నా నివాసం ప్రిన్సిపాల్ గదిలోని అద్దాల బీరువా, కబడ్డీ కప్పుల పక్కన. మనుషులు భద్రతకు ఏడాదిలో ఒక వారం కేటాయించి, మిగతా వారాలు దానికి తాళం వేస్తారు.

మొదటి ఏడు తొమ్మిదో తరగతి రవళికను వేదిక మీదికి పిలిచారు. గొంతు బాగుంటుందని ప్రమాణం చదివించే పని ఆమెకే అప్పగించారు. ప్రిన్సిపాల్ లింగమూర్తి నన్ను ఆమె తలపై పెట్టి బెల్టు బిగించారు. నా క్లిప్పు టక్కుమని పడింది.

"సార్, నోరు తిరుగుతలేదు," అంది రవళిక.

ఫోటోగ్రాఫర్ రాజేశం అందుకున్నాడు. "బెల్టు ఇప్పుండ్రి సార్. బిడ్డ మొఖంల నవ్వే వస్తలేదు. గిట్లయితే పేపరోళ్లు ఫోటో ఎయ్యరు."

"గడియసేపే గదా," అంటూ లింగమూర్తి విప్పారు.

రవళిక నవ్వింది. రోడ్డు నియమాలను తప్పక పాటిస్తానని గంభీరంగా పలికింది. పిల్లలందరూ చేతులు చాచి పలికారు. పలుకుతున్నంతసేపూ నా బెల్టు ఆమె చెంప పక్కన వేలాడుతూనే ఉంది.

ఆ ఫోటో ఫ్లెక్సీ అయి పాఠశాల గేటుకెక్కింది. పాఠం ఒక పూట చెప్పారు. ఫ్లెక్సీ ఏడాది పొడవునా చెప్పింది. మరుసటి ఏడు నన్ను పెట్టుకున్న పిల్లవాడు అందులో చూసినట్టే పెట్టుకున్నాడు. ఆ తర్వాతి అమ్మాయి అతణ్ని చూసి పెట్టుకుంది. తప్పు నేర్పాలని ఎవరూ అనుకోలేదు. అయినా అందరూ శ్రద్ధగా నేర్చుకున్నది అదే.

ఆ తర్వాతి సంగతులు ప్రిన్సిపాల్ గదిలోని మాటల్లోనే విన్నాను. రవళిక డిగ్రీలో చేరింది, లైసెన్సు తీసుకుంది, స్కూటీ మీద కాలేజీకి వెళ్లేది. తాను కొనుక్కున్న హెల్మెట్ లేకుండా ఏనాడూ బయలుదేరలేదు. ఒక ఉదయం బర్రె అడ్డం వస్తే బ్రేకు వేసింది, బండి జారింది. తల రోడ్డును తాకేలోపే హెల్మెట్ ఎగిరి పొలంలో పడింది. రవళిక మళ్లీ లేవలేదు.

దినాలు అయ్యాక ఆమె తల్లి అనసూయ ఆ హెల్మెట్ తెచ్చి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టింది. దాని మీద ఒక్క గీత లేదు.

"మీరు నేర్పినట్టే రోజు పెట్టుకున్నది సార్ నా బిడ్డ. నెత్తికుండాల్సింది పొలంల ఎట్ల వడ్డది?"

అనసూయ చూపు గోడకు తగిలించిన, రవళిక ప్రమాణం చదివిననాటి ఫోటో దగ్గర ఆగింది. బల్ల మీది హెల్మెట్ బెల్టును చేతిలోకి తీసుకుంది.

"గిదేంది సార్?"

"బెల్టమ్మా. గదుమ కింద పెట్టుకోవాలె."

"మరి గా ఫోటోల పెట్టలేదేంది?"

"అది... ప్రమాణం కోసం ఇప్పినమమ్మా."

ఊరు ఇంత దూరం ఆలోచించలేదు. "హెల్మెట్ పెట్టుకున్నా పాయె గదా, ఇగ పెట్టుకునుడెందుకు?" అని తేల్చేసింది.

ఈ ఏడు వారోత్సవాన్ని రవళిక స్మారకంగా జరిపారు. నవ్వు బాగున్నదని ఆ పాత ఫోటోనే పెద్ద ఫ్లెక్సీ చేయించి దండ వేశారు. అనసూయను వేదిక మీద కూర్చోబెట్టారు. నన్ను ఒక అమ్మాయి తలపై పెట్టగానే అనసూయ లేచి వచ్చి, బిగించడానికి నా బెల్టు అందుకుంది.

"గా పని తర్వాత చేద్దామమ్మా," అన్నారు లింగమూర్తి మెల్లగా. "ముందు ప్రమాణం కానియ్యుండ్రి."

పిల్లలు చేతులు చాచారు.

మళ్లీ కబడ్డీ కప్పుల పక్కకు చేరాను. నా రంగు వెలిసింది. లోపలి స్పంజి పొడిగా రాలుతోంది. క్లిప్పు మాత్రం ఇంకా కొత్తదే.