రాలేదన్న ఉత్తరం

అయినా చూసీ చూడనట్టు పోవడమంటే ఎలా పోవాలి, కళ్ళు మూసుకుని కాగితాలకు నంబర్లు వేయమంటాడా ఏమిటి ఈ మేనేజరు, అనుకుంటూనే బ్యాంకు రికార్డు గదిలో ఫైళ్ళమ్మ నలభై ఆరో కాగితం తిప్పింది, తిప్పగానే అదిగో, నోటుపుస్తకంలోంచి చింపిన గీతల కాగితం మీద డ్రిల్లు మాస్టారి గుండ్రటి అక్షరాలు, మా బావమరిది ఇకపై తీసుకునే ఏ కొత్త అప్పుకూ నా హామీ వర్తించదు అని, కింద బ్యాంకు ముద్ర, పక్కన పొడి సంతకం, ఆ సంతకం తనదే, పదకొండేళ్ళ కిందటిది, అప్పుడింకా చివర తోక తిప్పే సరదా ఉండేది, ఆ రోజు ఆయన మెడలో విజిలుతోనే తన కౌంటరు కిటికీ దగ్గరికి వచ్చాడు, ముద్ర సరిగ్గా పడిందా అమ్మా అని రెండుసార్లు అడిగాడు, పడింది మాస్టారూ, నిశ్చింతగా వెళ్ళండి అంది తను, నిశ్చింతగా, ఎంత తేలిగ్గా వచ్చింది నోటికి ఆ మాట, నెల తిరక్కుండా బ్యాంకు మాస్టారి పాత హామీ మీదే ఆ బావమరిదికి కొత్త అప్పు ఇచ్చింది, అతగాడు ఎగ్గొట్టి ఎటో పోయాడు, ఇప్పుడు వేలానికొచ్చింది మాస్టారి ఇల్లు, అలాంటి ఉత్తరమేదీ మాకు అందనే లేదని బ్యాంకు అఫిడవిట్ వేసింది, ఆయన దగ్గరున్న నకలేమో వాన నీళ్ళలో నాని పోయింది, అందుకే జడ్జిగారు ఫైలంతా, ఒక్క కాగితం వదలకుండా, జాబితాతో సహా తెచ్చి చూపించమన్నారు.

ఒక్క కాగితం వదలకుండా అని కోర్టంటే, ఒక్క కాగితమేగా అంటాడు మేనేజరు, పొద్దున్నే గది తలుపు దగ్గరికేసి, కుర్చీ చూపించి మరీ, ముప్పై ఏళ్ళలో ఏ మేనేజరూ తనను కూర్చోమన్న పాపాన పోలేదు, అప్పుడే అనుమానం వచ్చింది, రెండేళ్ళలో రిటైరయ్యేవారు, మీకెందుకండీ ఈ తలనొప్పి, ఆ కాగితం దాచేయండి, రేపు ఏ దూరపు ఊరికో బదిలీ అయితే మీ అక్కగారిని ఎవరు చూసుకుంటారు చెప్పండి, అబ్బో, ఎంత బెంగో అక్క మీద, మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని అక్క ఫోనులో ముందు నీకెందుకే ఆ గొడవ అంది, అని ఊరుకుందా, కాసేపాగి, ఆయనకింకో ఇల్లుందా అని అడిగింది, లేదక్కా అంటే, అయితే నా వంక పెట్టుకుని వెధవ పని చేశావంటే ఇంటికి రాకు, అని ఠక్కున పెట్టేసింది, ఫైళ్ళమ్మకు నవ్వొచ్చింది, నవ్వుతూనే పెన్సిలు పక్కన పడేసి పెన్ను తీసింది, నలభై ఏడు, కాస్త ఒత్తి మరీ వేసింది, జాబితాలోనూ రాసింది, హామీదారు ఉత్తరం, ముద్ర, సంతకంతో సహా, రాసి, కట్ట తనే కట్టి, ముడి మీద లక్క తనే వేసి, మేనేజరు భోజనం నుంచి వచ్చేలోపు చంకన పెట్టుకుని కోర్టుకని మెట్లు దిగింది.

కోర్టు హాల్లో ఫ్యాను కిరకిరమంటోంది, బ్యాంకు వకీలు ఒక్కో కాగితమే పైకి ఇస్తూ నలభై ఏడు దగ్గర ఆగాడు, ఆగి మేనేజరు వైపు చూశాడు, మేనేజరు ఫైళ్ళమ్మ వైపు చూశాడు, చూసుకోనీ, ఈ పొడి సంతకం ఎవరిది అని జడ్జిగారు అడిగితే వకీలు తడబడి, ఎవరో పాత ఉద్యోగి అయ్యుంటారండీ అన్నాడు, పాత ఉద్యోగా, బతికుండగానే, ఫైళ్ళమ్మ వెనక బెంచీలోంచి లేచింది, నాదేనండీ, ఈ ఉత్తరం నేనే తీసుకున్నాను, ముద్ర నేనే వేశాను, అంది, వేలం ఆగింది, అబద్ధపు అఫిడవిట్‌కు బ్యాంకు సంజాయిషీ ఇచ్చుకోవాలన్నారు, మాస్టారు చేతులు జోడించబోతే వద్దు మాస్టారూ అని తలూపి బయటికొచ్చేసింది, వరండాలో మేనేజరు పళ్ళు నూరుతూ, దాచమన్నాను కదండీ అన్నాడు, దాచాను సార్, పదకొండేళ్ళు దాచాను, అందుకే దొరికింది, బదిలీ కాగితం కూడా పంపండి, ముద్ర వేసి తీసుకుంటాను, అని మెట్లు దిగుతుంటే ఎండ ముఖం మీద కొట్టింది, మాస్టారి కోసం చేశావా అని అక్క అడుగుతుంది, అవుననే చెప్పాలనుకుంది, కానీ కాదు, ఆ ఉత్తరం రాలేదంటే ఆ రోజు ఆ కిటికీ వెనక మనిషి లేనట్టే, ముప్పై ఏళ్ళూ లేనట్టే, తను ఉంది.