ఎర్ర పీలిక కట్టిన బండి

చలికాలపు మొదటి ఉప్పు లారీ మా హార్‌హోప్ ఊరి మీదుగా వెళ్ళిందంటే చాలు, మా ఆయన నెవిల్ నా మోటార్‌సైకిల్‌ను షెడ్డులోకి తోసేస్తాడు. వసంతంలో వానలు పడి రోడ్డు శుభ్రమయ్యేదాకా అది గడప దాటదు. మా డరమ్ కొండల్లో రోడ్డు మీద ఉప్పు చల్లకపోతే మంచుకు జారి మనుషులు పోతారు, చల్లితే తుప్పు పట్టి బండ్లు పోతాయి. అందుకే ఈ లోయలో బండి ఉన్న ప్రతివాడూ దానికి ఏదో ఒకటి పూస్తాడు. నెవిల్ అంత భక్తిగా మాత్రం ఎవరూ పూయరు. పక్క ఊళ్ళవాళ్ళు డబ్బిచ్చి మరీ అతనితో చేయించుకుంటారు.

ముందు చల్లనీళ్ళతో కడుగుతాడు. వేడినీళ్ళు పోస్తే ఉప్పు కరిగి సందుల్లోకి దిగుతుందంటాడు. తర్వాత బాగా ఆరబెడతాడు. ఎవరైనా తొందరపెడితే, "తడి మీద నూనె కొడితే తుప్పును లోపల పెట్టి తాళం వేసినట్టే" అని విసుక్కుంటాడు. బ్రేకులకు గుడ్డలు చుట్టి, మిగతా ఒంటికంతా సన్నగా నూనె కొడతాడు. బ్యాటరీ విప్పి వంటింట్లో రొట్టెల డబ్బా పక్కన పెడతాడు. చివరగా చెమ్మా ఎలుకలూ దూరకుండా సైలెన్సర్ గొట్టంలో గుడ్డ కుక్కి, ఆ సంగతి మరచిపోకుండా హ్యాండిల్‌కి ఎర్ర పీలిక కడతాడు. ఇక్కడ అందరి అలవాటూ అదే. ఆపైన దుప్పటి కప్పుతాడు. అక్కడితో నేను కూడా ఇంటికి అంకితం.

ఈసారి పక్కింటి డోరీన్ గోడ మీంచి చూసి పగలబడి నవ్వింది. "ఏంటే బెవ్, నూనె రాసి, దుప్పటి కప్పి! బాలింతకైనా ఇంత సేవ చేయరే. నీకెప్పుడైనా చేశాడా?"

"నాకూ చేస్తాడమ్మా. అదే నా ఖర్మ" అన్నాను.

రెండేళ్ళ కిందట జనవరిలో, వంతెన మలుపులో నేను జారి పడ్డాను. ఆ రోజు ఉప్పు లారీ లోయ పైకొసన ఉన్న మా ఊరిదాకా రాలేదు. భుజం ఎముక విరిగి పక్క కాలవలో పడి ఉంటే, వెతుక్కుంటూ వచ్చి నన్ను లేపింది నెవిలే. ఆ రోజు గురించి అతను ఎప్పుడూ మాట్లాడడు. అప్పటినుంచీ తుప్పు గురించే మాట్లాడతాడు.

మా ఊరికి బస్సు మంగళవారం ఒక్కటే. వ్యాను గేర్లు చెడి వాకిట్లో పడి ఉంది. ఒకప్పుడు రాతి క్వారీలో పెద్ద లారీలు తోలినదాన్ని. క్వారీ మూతపడ్డాక, చలికాలమంతా వంటింటి కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చునేదాన్ని. నెవిల్ ఏనాడూ చెయ్యెత్తలేదు, గొంతు కూడా పెంచలేదు. అలాంటివాడైతే ఏనాడో తలుపు తన్ని పోయేదాన్ని. మంచివాడి దగ్గర్నుంచి ఎలా పారిపోవాలో నాకు తెలియలేదు. ఊపిరాడేది కాదు.

డిసెంబరులో కింది పట్నం డిపోవాళ్ళు ఉప్పు లారీకి డ్రైవరు కావాలన్నారు. గురువారం పొద్దున పదింటికి వచ్చి లారీ తోలి చూపించాలి. రాకపోతే మళ్ళీ వచ్చే చలికాలమే.

నెవిల్ టీ కప్పు కింద పెట్టాడు. "ఉప్పు లారీయా? నేనిక్కడ బండ్లకి నూనె రాయడం, నువ్వక్కడ వాటి మీద ఉప్పు చల్లడం! బాగుంది కాపురం."

"నీకూ గిరాకీ పెరుగుతుందిగా. గురువారం నా బండి తీస్తాను."

"ఆ ఉప్పులోకా? ఒక్కరోజుకే బోల్టులన్నీ తినేస్తుంది. వ్యాను బాగయ్యాక చూద్దాంలే."

"వ్యాను ఎప్పుడు బాగవుతుంది?"

"గేరుబాక్సు రావాలిగా."

"నువ్వు తెప్పిస్తేగా అది వచ్చేది!"

అతను లేచాడు. కప్పు తీసుకెళ్ళి కడిగాడు.

గురువారం తొమ్మిది కాకముందే బ్యాటరీ చంకన పెట్టుకుని బయటికి నడిచాను. నెవిల్ పొయ్యి దగ్గర బేకన్ వేయిస్తున్నాడు. నన్నూ బ్యాటరీనీ చూసి, పెనంలో ముక్కలు తిరగేశాడు. షెడ్డు వంటింటి కిటికీకి ఎదురుగానే ఉంటుంది. అతను చూడాలనే దుప్పటి బర్రున లాగి పారేశాను. హ్యాండిల్‌కి ఎర్ర పీలిక వేలాడుతోంది. బండికి ముస్తాబొకటి తక్కువైందని తిట్టుకుంటూ దాన్ని తెంపి మూలకు విసిరాను. బ్యాటరీ బిగించాను, బ్రేకుల గుడ్డలు విప్పాను, బండిని వాకిట్లోకి తోసుకొచ్చి బటన్ నొక్కాను.

ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ దగ్గింది, మళ్ళీ చచ్చింది. పెట్రోలు చూశాను, వైర్లు చూశాను, ప్లగ్గు విప్పి తుడిచి పెట్టాను. అంతా బాగానే ఉంది. నొక్కిన కొద్దీ బ్యాటరీ నీరసిస్తోంది. తలెత్తితే కిటికీలో నెవిల్ కదలకుండా నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. లోయంతా, ఇల్లంతా, చివరికి ఈ ఇనుప ముండ కూడా కలిసి నన్ను పట్టి ఉంచాయనిపించింది. డోరీన్ గోడ దగ్గరికొచ్చింది గానీ ఈసారి నవ్వలేదు.

నెవిల్ ఇంటి చెప్పులతోనే మంచులోకి వచ్చాడు.

"ఆపు. బ్యాటరీ చస్తుంది."

"దాని మీద మళ్ళీ దుప్పటి కప్పావంటే..." అని నేను పళ్ళు నూరాను.

అతను నన్ను దాటుకుని బండి వెనక్కి వెళ్ళాడు. వంగి, సైలెన్సర్ గొట్టంలోంచి నూనె గుడ్డ బయటికి లాగాడు.

ఇన్నేళ్ళుగా చూస్తున్న పీలిక. నా చేత్తో నేనే తెంపి పారేశాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"నువ్వు పీలిక విసిరేసినప్పుడే చూశా."

"మరి ఇంతసేపూ ఏం చేశావ్?"

"నిలబడ్డా." గుడ్డను రెండు చేతులతో నలుపుతున్నాడు. "నేనేం చెయ్యక్కర్లేదు కదా అనుకున్నా, బెవ్. ఇంకాసేపు ఊరికే నిలబడితే చాలు, నువ్వెక్కడికీ పోవు అనుకున్నా."

పెళ్ళయ్యాక అంత నిజం అతని నోట ఎప్పుడూ వినలేదు. కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండింటికీ టైము లేదు. బటన్ నొక్కాను. ఇంజను మూలిగి, మూలిగి, అందుకుంది.

"వంతెన మలుపు దగ్గర..." అన్నాడు.

"ఆ రోజు అక్కడ ఉప్పు లేదు, నెవిల్. అందుకే పడ్డాను. ఇక అక్కడ చల్లేది నేనే."

తల ఊపాడో, చలికి వణికాడో తెలియలేదు. గేటు దాటుతుంటే వెనకనుంచి అరిచాడు.

"వచ్చాక చల్లనీళ్ళతోనే కడుగు!" ఒక్క క్షణం ఆగి, ఇంకాస్త గట్టిగా అన్నాడు. "వస్తావుగా?"